సరణమా, శరణమా

మా పట్టణంలో బుద్ధ విహారం అంటే పెద్ద కట్టడమేమీ కాదు. రెండు గదుల డాబా, దానిమీద రేకుల షెడ్డు, గోడకు బాబాసాహెబ్ పటం, ఎదురుగా చందాలు వేసుకుని తెచ్చుకున్న బుద్ధ విగ్రహం. ప్రతి పున్నమికి నలభై యాభై మందిమి కూడుతాం. ఒక వైశాఖ పున్నమికి ముందు కార్యవర్గం కూర్చుని, ఈసారి వందన శుభ్రంగా చెప్పించాలని తీర్మానించింది. బయటినుంచి అతిథులు వస్తున్నారు, ఎవరో ఒకరు వీడియో తీస్తారు, పదిమందీ చూస్తారు. కాబట్టి చదువుకున్న పిల్లలు ముందు వరసలో కూర్చోవాలి, మైకు వాళ్ళ దగ్గరే ఉండాలి. ఆ తీర్మానం కింద సంతకం పెట్టినవాళ్ళలో మేమూ ఉన్నాం.

అప్పటిదాకా వందనలో పెద్ద గొంతు ఒక పెద్దమ్మది. మున్సిపాలిటీలో రోడ్లు ఊడ్చి రిటైరైన మనిషి. అందరికంటే ముందు వచ్చి, చీపురు ఎక్కడుందో వెతుక్కుని, హాలు ఊడ్చి, దీపం ముట్టించి కూర్చుంటుంది. త్రిశరణం చెప్పేటప్పుడు ఆవిడ గొంతు అందరికంటే అర క్షణం ముందు లేస్తుంది, మేమంతా దాని వెంట వెళ్ళేవాళ్ళం. ఆ రోజు రిహార్సల్ లాంటిది పెట్టుకున్నాం. "పెద్దమ్మా, సరణం కాదు, శరణం అనాలి" అని మేమే చెప్పాం. ఆవిడ ప్రయత్నించింది. మళ్ళీ 'స' అనే వచ్చింది. ముందు వరసలో పిల్లలు నవ్వారు. మూడోసారి కూడా అలాగే వచ్చింది. "నాకు నోరు తిరగదులే బాబూ. మీరు చెప్పండి, నేను మనసులో అనుకుంటాను" అంది. పున్నమి రోజు ఆవిడ పెదాలు కదిలాయి గాని శబ్దం రాలేదు. ఆ తరువాతి పున్నమికి గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన కూర్చుంది.

వర్షావాసంలో ఒక భంతే మాకు పది రోజులు పాళీ ప్రాథమిక పాఠాలు చెప్పారు. మొదటి రోజు బోర్డు మీద అక్షరమాల రాశారు. అందులో ఋ లేదు, ఐ లేదు, ఔ లేదు, విసర్గ లేదు. శ లేదు, ష లేదు. ఉన్నది ఒక్కటే స. మేము లేచి, మరి త్రిశరణంలో మేమనే మాట సంగతేమిటని అడిగాం. అది 'సరణం' అన్నారు భంతే, మీరంటున్నది సంస్కృతం. హాలు బయట వేలాడుతున్న మా ఫ్లెక్సీ మీద పెద్ద అక్షరాలతో శకారమే ఉంది. రెండువేల అయిదువందల ఏళ్ళ నుంచి వస్తున్న పలుకును ఆ హాల్లో సరిగా అన్నది ఆ పెద్దమ్మ ఒక్కతే. ఆమెను సరిదిద్దింది యాభై దాటిన, లా డిగ్రీ ఉన్న మేము.

ఏ భాష అందంగా ఉంటుంది, ఏది వినడానికి వికారంగా ఉంటుంది అన్న మాట మన ఇళ్ళలో, రైలు పెట్టెల్లో, సాహిత్య సభల్లో సరదాగానే నడుస్తుంది. బెంగాలీ రసగుల్లా అంటారు, తమిళం డబ్బాలో గులకరాళ్ళు అంటారు, ఉర్దూ మల్లెపూవు అంటారు. సరదా మాటలే కదా అని మేమూ చాలాకాలం అనుకున్నాం. ఆ పెద్దమ్మ చెప్పుల పక్కకు వెళ్ళి కూర్చున్నాక అలా అనుకోవడం మానేశాం.

తెలుగువాళ్ళ సభ ఏదైనా సరే, మనది ప్రాచ్య ఇటాలియన్ అన్న మాట లేకుండా ముగియదు. 15వ శతాబ్దంలో విజయనగరానికి వచ్చిన వెనీస్ వర్తకుడు నికోలో కాంటీ ఆ మాట అన్నాడని చెబుతారు. ఏ పుస్తకం, ఏ పుట అని అడిగితే మాత్రం చూపేవారు కనబడరు. ఒకరు చెప్పగా విన్నానన్న సాక్ష్యం కోర్టులో నిలవదు; సాహిత్య సభల్లో బాగానే నిలుస్తుంది. సరే, మాట ఎవరిదైనా, దానికి చెప్పే కారణం చూడండి. ఇటాలియన్ లాగా తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి, అందుకే తీయగా ఉంటాయి అంటారు. అచ్చుతో ముగియడమే అందమైతే, 'బస్సు' అనే కూలి మనిషి నోరు అందమైనది, 'బస్' అని చివర కత్తిరించే కాలేజీ కుర్రాడి నోరు కాదు. ఇస్కూలు, లైటు, ఫ్యాను అనేవాళ్ళు ఆ లెక్కన మహా మధుర భాషులు. కాని మనం నవ్వేది వాళ్ళను చూసే. తెలుగు మొత్తానికి కిరీటం పెట్టిన అచ్చు, పల్లెలోని తెలుగు నోట్లోకి వచ్చేసరికి మొరటుతనం అయిపోతుంది. అచ్చు మారలేదు, నోరు మారింది.

ఇది ఈనాటి జబ్బు కాదు. సంస్కృత నాటకాలు తీసుకోండి. రాజు, మంత్రి, బ్రాహ్మణుడు సంస్కృతం మాట్లాడతారు. రాణి అయినా సరే, స్త్రీ గనుక ప్రాకృతం మాట్లాడుతుంది. సేవకులు, జాలరులు మాగధి మాట్లాడతారు. మాగధిలో రకారం లకారమవుతుంది, సకారాలన్నీ శకారాలవుతాయి. శాకుంతలం ఆరో అంకం మొదట్లో ఉంగరం దొరికిన జాలరి అలాగే మాట్లాడతాడు, అతని కులవృత్తిని రాజభటులు ఎగతాళి చేస్తారు. ఇవన్నీ నాటకశాస్త్ర నియమాలని పాఠాల్లో చెబుతారు. ఎవరి నోట ఏ శబ్దం రావాలో పుట్టుకనుబట్టి నిర్ణయించిన నియమాన్ని మేము వర్ణవ్యవస్థ అనే అంటాం.

శూద్రకుని మృచ్ఛకటికం ఈ విషయంలో మాకు ఎంతో ఇష్టమైన నాటకం, ఎంతో బాధపెట్టిన నాటకం కూడా. అందులో రాజుగారి బావమరిది ఒకడున్నాడు. అన్నిటికీ శ పలుకుతాడు గనుక వాడి పేరే శకారుడు. పురాణ కథలన్నీ తలకిందులుగా చెబుతాడు, వసంతసేన గొంతు నులుముతాడు, నేరం చారుదత్తుని మీద వేస్తాడు. ప్రేక్షకుడు వాడి శకారం వినగానే నవ్వాలి, తరువాత అసహ్యించుకోవాలి. ఇక్కడ ఆగి మా హాలు సంగతి గుర్తు చేసుకోండి. అక్కడ శ పలికినవాడు హాస్యపాత్ర, ఇక్కడ శ పలకలేని మనిషి హాస్యపాత్ర. ఒక కాలంలో నవ్వు పుట్టించిన అక్షరమే మరో కాలంలో మర్యాదకు గుర్తు. ఆ అక్షరంలో అందమూ లేదు, వికారమూ లేదు. ఎవరిని చూసి నవ్వాలో ముందే నిర్ణయమైపోతుంది, అక్షరాన్ని తరువాత వెతుక్కుంటారు.

అదే నాటకంలో మాగధి మాట్లాడే మరో మనిషి ఉన్నాడు. జూదంలో అప్పులపాలై, వసంతసేన దయవల్ల బయటపడి, విరక్తి కలిగి బౌద్ధ భిక్షువు అయిన సంవాహకుడు, అంటే ఒళ్ళుపట్టేవాడు. శకారుడు చచ్చిందనుకుని వదిలిపోయిన వసంతసేనను బతికించేది అతనే. నాటకం చివర అతన్ని విహారాలన్నిటికీ పెద్దను చేస్తారు. ఇంత చేసినా అతని భాష మాత్రం సేవకుల భాషే. ఇక పదో అంకంలో చారుదత్తుని వధ్యస్థానానికి తీసుకువెళ్ళే చండాలురిద్దరు. వాళ్ళకూ రకారం లేదు. కాని ఆ నాటకంలో ధమ్మానికి దగ్గరగా ఉన్న మాట వాళ్ళ నోటనే వస్తుంది: చండాల కులంలో పుట్టినా మేము చండాలురం కాము, మంచివాణ్ణి బాధించేవాళ్ళే పాపులు, వాళ్ళే చండాలురు అంటారు. వసల సుత్తంలో తథాగతుడు చెప్పినది కూడా ఇదే కదా: పుట్టుకచేత ఎవరూ నీచుడు కారు, చేసిన పనిచేత అవుతారు. శూద్రకుడు ఆ మాటను 'వికారమైన' భాషలో పెట్టాడు. కావాలని పెట్టాడని మా నమ్మకం. నియమాన్ని అతను దాటలేదు, కాని ఆ నియమాన్ని విని ఊరుకునే చెవికి ఒక పరీక్ష పెట్టాడు. మృచ్ఛకటికాన్ని కరుణరసం, హాస్యరసం అంటూ మెచ్చుకునే వ్యాసాలు మేము చాలా చదివాం. ఈ చండాలుర భాష గురించి వాటిలో సాధారణంగా ఒక్క వాక్యం ఉంటుంది: పాత్రోచితంగా ఉంది అని.

మనవాళ్ళేమైనా వేరుగా చేశారా అంటే, చేయలేదు. అశ్వఘోషుడు మనవాడు, మహాకవి. ఆయన నాటకాల తాళపత్రపు ముక్కలు మధ్య ఆసియాలో దొరికాయి, 1911లో లూడర్స్ అనే జర్మన్ పండితుడు వాటిని ప్రకటించాడు. వాటిలో బుద్ధుడు, సారిపుత్తుడు, మొగ్గల్లానుడు సంస్కృతం మాట్లాడతారు. దుష్టపాత్ర పాత మాగధి మాట్లాడుతుంది. బుద్ధుడు నడిచిన మగధ పేరు పెట్టుకున్న భాష దుష్టునికి, బుద్ధుడు వద్దన్న భాష బుద్ధునికి. ఈ విషయం మొదటిసారి చదివిన రోజు మాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

బుద్ధుడు వద్దన్న భాష అని ఊరికే అనలేదు. వినయపిటకంలో చుల్లవగ్గలో ఒక ఘట్టం ఉంది. ఇద్దరు అన్నదమ్ములు, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి భిక్షువులైనవాళ్ళు, భగవానుని దగ్గరకు వచ్చారు. రకరకాల కులాల నుంచి, గోత్రాల నుంచి వచ్చిన భిక్షువులు తమ నుడిలో చెప్పి బుద్ధవచనాన్ని పాడుచేస్తున్నారని, దాన్ని ఛందస్సులోకి ఎక్కిస్తామని అడిగారు. ఆయన మందలించారు. అలా ఎక్కిస్తే దుక్కట దోషమన్నారు. బుద్ధవచనాన్ని సొంత నుడిలోనే నేర్చుకోమన్నారు. సొంత నుడి అంటే ఎవరిదన్న దానిమీద వాదం ఉంది. బుద్ధఘోషుడు అది బుద్ధుని మాగధి అన్నాడు, ఈనాటి పండితులు చాలామంది ఎవరి నుడి వాళ్ళదేనంటారు. మేము రెండో అర్థం వైపు. కాని ఈ ఘట్టంలో మమ్మల్ని పట్టుకున్నది వేరే వివరం. ఆ అన్నదమ్ములను పరిచయం చేస్తూ గ్రంథం, వాళ్ళది కల్యాణమైన వాక్కు, కల్యాణమైన ఉచ్చారణ అని చెబుతుంది. అందమైన గొంతు, అందమైన పలుకు. ఫిర్యాదు తెచ్చినవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, ధమ్మం మీద ప్రేమ ఉన్నవాళ్ళే. అందంగా పలకగలిగినవాళ్ళు, అలా పలకలేనివాళ్ళను చూసి నొచ్చుకుని వచ్చారు. మా కార్యవర్గం కూడా అచ్చంగా అలాగే నొచ్చుకుంది. తీర్మానం రాసుకునేటప్పుడు ఆ అన్నదమ్ములు మా పక్కన కూర్చున్నారని మాకు తెలియలేదు.

మజ్ఝిమనికాయంలో అరణవిభంగ సుత్తం ఇంకా ముందుకు వెళుతుంది. ఒకే గిన్నెను ఒక జనపదంలో పాతి అంటారు, ఇంకో చోట పత్త అంటారు, ఇంకో చోట సరావ, మరో చోట పోణ. ఎక్కడికి వెళితే అక్కడి మాటలో మాట్లాడాలి గాని, ఇదొక్కటే నిజం, తక్కినవన్నీ తప్పు అని పట్టుపట్టకూడదు అని దాని సారం. గోదావరి జిల్లావాళ్ళు, తెలంగాణవాళ్ళు, సీమవాళ్ళు కలిసి కూర్చున్న ప్రతి సభలో ఈ సుత్తాన్ని మొదట చదవాలని మాకనిపిస్తుంది.

రెండో వైపు ఉన్న పతంజలినీ చూద్దాం. మహాభాష్యం మొదట్లో, వ్యాకరణం ఎందుకు చదవాలో చెబుతూ ఆయన ఒక పాత కథ గుర్తు చేస్తాడు. అసురులు శత్రువులను పిలిచేటప్పుడు రకారం పలకలేక 'హేలయః' అన్నారట, అందుకే ఓడిపోయారట. అందుచేత మనం మ్లేచ్ఛులం కాకుండా ఉండాలంటే వ్యాకరణం చదవాలి. ర బదులు ల. ఇప్పుడు లుంబినికి వెళ్ళండి. అశోకుడు పట్టాభిషేకమైన 20 ఏళ్ళకు స్వయంగా వచ్చి నిలబెట్టించిన స్తంభం ఉంది, ఇక్కడ శాక్యముని పుట్టాడని దానిమీద చెక్కించాడు. అందులో 'రాజు' అన్న మాట 'లాజిన' అనే ఉంది. చక్రవర్తి తనను తాను ఆ లకారంతోనే చెప్పుకున్నాడు. ఓడిపోయిన అసురుల నోట అది అపశబ్దం, సామ్రాట్టు శిల మీద అది రాజశాసనం. తరువాత రాజ్యం పోయింది, లకారం జాలరికి, చండాలునికి మిగిలింది.

ప్రాకృతాన్ని అందరూ వికారమనే అన్నారా అంటే, అదీ నిజం కాదు. పాటలకు మహారాష్ట్రీ ప్రాకృతమే కావాలన్నారు. రాజశేఖరుడు కర్పూరమంజరిలో సంస్కృత రచన పరుషమని, ప్రాకృత రచన సుకుమారమని, రెంటికీ ఉన్న తేడా మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ ఉన్న తేడా అని చెప్పాడు. పొగడ్తే. కాని ఎలాంటి పొగడ్తో గమనించండి. సుకుమారం అన్న భాషకు పాట ఇస్తారు, శాసనం చేసే అధికారం ఇవ్వరు. ఆడవాళ్ళను పొగిడి వంటింట్లో ఉంచినట్టే. తీపి అనిపించుకోవడం కూడా ఒక మెట్టే, పై మెట్టు మాత్రం కాదు.

తెలుగుకు ఈ రెండు అనుభవాలూ ఉన్నాయి, అదీ ఇరవై ఏళ్ళ తేడాతో. 1921 నవంబరులో హైదరాబాదులో సంఘ సంస్కార సభ జరిగింది, కర్వే గారు అధ్యక్షులు. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గోల చేసి మాట్లాడనివ్వలేదు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ ఊళ్ళో 'తెలంగీ బేఢంగీ' అని ఎగతాళి చేసేవాళ్ళు. పద్ధతీ పాడూ లేని భాష అని. అదే తెలుగు మద్రాసు సంగీత సభల్లో దేవభాష తరువాతి భాష. కచేరీ అంటే త్యాగరాజు కృతులు, తమిళ పాట చివర్లో తుక్కడాగా ఒకటో రెండో. తమిళం సంగీతానికి పనికిరాదని అక్కడి పెద్దలే వాదించారు. ఆ బాధతో 1940లలో తమిళ ఇసై ఉద్యమం లేచింది, అన్నామలై చెట్టియార్ దానికి అండగా నిలిచాడు. ఒక నగరంలో మొరటు, ఇంకో నగరంలో మధురం, అచ్చులవే, హల్లులవే. హైదరాబాదు అవమానాన్ని మనం కథలుగా చెప్పుకుంటాం. మద్రాసులో మన భాష పేరుతో తమిళులకు జరిగిన అవమానాన్ని తెలుగువాళ్ళు ఎక్కడైనా చెప్పుకోవడం మేము వినలేదు.

హైదరాబాదులో ఆ దెబ్బ తిన్న తెలంగాణ తెలుగును తరువాత సినిమావాళ్ళు ఏం చేశారో అందరికీ తెలుసు. కథానాయకుడు కోస్తా రెండు జిల్లాల పలుకు పలికితే, రౌడీకి తెలంగాణ యాస, కత్తి పట్టినవాడికి సీమ యాస, పనిమనిషికి శ్రీకాకుళం యాస. నాటకశాస్త్ర నియమం తాళపత్రం నుంచి వెండితెర మీదకు వచ్చింది, అంతే. తెలంగాణ ఉద్యమం ఆ ఎగతాళిని ఎదిరించాక యాస హీరోలకూ వచ్చింది. మేము గుంటూరు వైపువాళ్ళం. ఆ పాత సినిమాలకు హాల్లో గట్టిగా నవ్వినవాళ్ళలో మేమూ ఉన్నాం.

ఇదంతా రాజకీయం, నిజంగా కొన్ని శబ్దాలు చెవికి ఇంపుగా ఉండవా అని అడిగే మిత్రులున్నారు. న్యాయమైన ప్రశ్న. 1970లలో బ్రిటన్‌లో ఒక పరిశోధన చేశారు. గ్రీకు దేశంలో ఏథెన్స్ పలుకు గొప్పదని, క్రీట్ ద్వీపపు పలుకు నాటుదని అందరి అభిప్రాయం. గ్రీకు ఒక్క ముక్క రాని బ్రిటిష్ విద్యార్థులకు ఆ రెండూ వినిపిస్తే, వాళ్ళకు ఏదీ ఎక్కువ అందంగా వినిపించలేదు. 2023లో ఇంకో పెద్ద ప్రయత్నం జరిగింది: 228 భాషలు, వినేవాళ్ళు 820 మంది. ఏ భాష అందమన్నదానిమీద వాళ్ళకు చెప్పుకోదగ్గ ఏకాభిప్రాయం కుదరలేదు. ఎక్కువ మార్కులు పడింది తాము గుర్తుపట్టామనుకున్న భాషకు. మనకు ఇది కొత్త కాదు. చెవి, శబ్దం, వినే విఞ్ఞాణం, మూడూ కలిసినప్పుడు ఫస్స, దానివల్ల వేదన. సుఖమో దుఃఖమో అప్పుడు పుడుతుంది. ఆ సుఖం శబ్దంలోనే ఉందనుకోవడం దగ్గర పొరపాటు మొదలవుతుంది. మా అమ్మ జోలపాట మాకు లోకంలోకెల్లా తీయని శబ్దం. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాని మా సుఖవేదనను తీర్మానంగా రాసి సంతకాలు పెట్టించే హక్కు మాకు లేదు.

మా బడి రోజుల్లో తెలుగు మేష్టారొకరు, సదువు అన్న పిల్లల చేత చదువు అని వందసార్లు రాయించేవారు. అలా రాసినవాళ్ళంతా మా పల్లె పిల్లలే. చిన్నయసూరి బాలవ్యాకరణం తెలుగు మాటలను తత్సమం, తద్భవం, దేశ్యం అని చెప్పి, లక్షణానికి లొంగని ఊరి మాటలను గ్రామ్యం అని పక్కన పెట్టింది. ఆ పక్కన పెట్టిన మాటలను పాళీ పాఠాల్లో ఒక్కొక్కటే ఎదురుపడి చూశాం. అగ్నిని పాళీలో అగ్గి అంటారు. రత్నాన్ని రతన అంటారు. శ్రీని సిరి అంటారు. పక్షిని పక్ఖి అంటారు, మన పాత తెలుగు పక్కి. మా నాయనమ్మ 'అగ్గి పెట్టు' అన్నప్పుడు ఇంట్లో చదువుకున్నవాళ్ళం 'నిప్పు అనొచ్చుగా' అని సిగ్గుపడేవాళ్ళం. ఆ మాట తిపిటకంలో ఉందని ఆవిడకు చెప్పే అవకాశం ఇక లేదు.

గిడుగు రామమూర్తి గారిని వ్యవహారిక భాషోద్యమానికి తలుచుకుంటాం, ఆగస్టు 29న దండలు వేస్తాం. ఆయన పర్లాకిమిడి కొండల్లోని సవరల భాష నేర్చుకుని, వాళ్ళకోసం బడులు పెట్టి, 1931లో ఆ భాషకు వ్యాకరణం ప్రచురించిన సంగతి తక్కువమంది చెబుతారు. సవరలో కొన్ని మాటల దగ్గర ఊపిరి గొంతులో ఒక్క క్షణం ఆగి తెగుతుంది. తెలుగు చెవికి అది ఎక్కిళ్ళలా వినిపించవచ్చు. ఆయన ఆ ఆగిన ఊపిరికి కూడా ఒక గుర్తు పెట్టుకుని రాశారు. విన్నవాళ్ళు నవ్వుతున్న చోట ఆయన లెక్క రాసుకున్నారు.

ఇక మనలో పుట్టిన కొత్త జబ్బు గురించి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. ఈమధ్య మన సభల్లో సంస్కృతం రాళ్ళు నమిలినట్టు ఉంటుందని, పాళీ తేనె అని చప్పట్ల మధ్య చెబుతున్నారు. 2024 అక్టోబరులో కేంద్రం పాళీకి, ప్రాకృతానికి శాస్త్రీయ భాష హోదా ఇచ్చాక ఈ మాట మరీ పెరిగింది. హోదా రావడం మాకూ సంతోషమే. కాని నాగార్జునుడు రాసింది సంస్కృతంలో, దిఙ్నాగుడు రాసింది సంస్కృతంలో. బాబాసాహెబ్‌ను బడిలో సంస్కృతం చదవనివ్వలేదు. అస్పృశ్యుడని పంతులు ఒప్పుకోకపోతే పర్షియన్ తీసుకున్నారు. అయినా ఆయన ఆ భాషను వికారమనలేదు, తరువాత సొంతంగా కష్టపడి నేర్చుకున్నారు. అందులో రాసిన మనుస్మృతిని తగలబెట్టారు, అందులోని వేదాలనూ ధర్మశాస్త్రాలనూ చదివి ప్రశ్నించారు, పాళీ నిఘంటువు కూడా సిద్ధం చేసుకున్నారు. భాష మీద కోపం చూపలేదు, ఆ భాష తలుపు మూసినవాళ్ళ మీద చూపారు. తేనె అని, రాళ్ళు అని మనం అంటున్నామంటే ఆ మెట్ల వరసను కూల్చలేదు, తిరగేశాం, అంతే. మన సొంత మెట్ల మీద కూడా అట్టడుగున పెద్దమ్మే ఉంటుంది, పాళీ కూడా ఆమెకు 'శుద్ధంగా' రావడం లేదు గనుక.

పాళీ పాఠం అయిన వారానికి మేము ఆవిడ ఇంటికి వెళ్ళాం. అరుగు మీద చింతపండు గింజ తీస్తూ కూర్చుంది. జరిగింది చెప్పాం. పొరపాటు మాది, ఆ మాట నువ్వన్నదే సరైనది అని చెప్పాం. ఆవిడ చేతిలో పని ఆపలేదు.

"అయితే ఇన్నాళ్ళూ నేనన్నదే కరెక్టా?"

"నువ్వన్నదే."

"మరి బయట కట్టిన ఆ ఫ్లెక్సీ?"

"అది తప్పు పెద్దమ్మా. మార్పిస్తాం."

కాసేపు ఆలోచించి, "బుద్దుడు అనేదో?" అంది. మాకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. అక్కడ ఒత్తు ఉంది, పాళీలో కూడా ఉంది అని చెప్పాం.

"అయితే సగమే పాసయ్యానన్నమాట" అని నవ్వింది. "వచ్చే పున్నమికి మైకు అక్కర్లేదు బాబూ నాకు. మైకు లేకుండానే వినపడుతుంది నా గొంతు."

ఫ్లెక్సీ ఖర్చు అంశం కార్యవర్గం ముందు ఉంది.